కోరుట్ల గుజ్జు, కాగజ్‌నగర్ వెదురు

పాత దినపత్రిక పేజీ ఒకటి తీసుకుని పైనుంచి కిందికి చించండి. చాలావరకు తిన్నగా చిరుగుతుంది. అదే పేజీని ఎడమ నుంచి కుడికి చించి చూడండి. చిరుగు దారి తప్పి వంకర పోతుంది, అంచు గజిబిజిగా లేస్తుంది. కాగితమూ చెయ్యీ మారలేదు. తేడా అంతా కాగితం లోపల ఉంది. నున్నగా, ఒకే పలకలా కనిపించేది నిజానికి కోట్ల పీచుల అల్లిక. మిల్లులో తడి గుజ్జు జల్లెడ మీద పరుగెత్తేటప్పుడు ఆ పీచుల్లో ఎక్కువ భాగం యంత్రం పోయే దిక్కుకే సర్దుకుంటుంది. పీచు వెంట చించడం తేలిక, పీచుకు అడ్డంగా తెంచడం కష్టం.

కాగితం చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా దాని మీద ఏం రాశారో చెబుతారు. గ్రంథాలు, పత్రికలు, ఫర్మానాలు, పద్యాలు. ఆ చరిత్ర అవసరమే. కానీ ఆ పీచు ఎక్కడిది, ఎవరు కొట్టారు, ఎవరు నరికారు అన్న వైపు నుంచి కూడా ఈ కథ చెప్పుకోవాలి. అలా చెబితే చైనాలో మొదలైన కథ ఉత్తర తెలంగాణలో చాలాసేపు ఆగుతుంది. పాత కరీంనగర్ జిల్లాలోని కోరుట్లలో చింకిగుడ్డల, గోనెసంచుల పీచుతో చేతి కాగితం చేశారు. పాత ఆదిలాబాద్ జిల్లాలో అడవి వెదురు పీచుతో మిల్లు కాగితం చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. ఒకే నేల మీద కాగితపు రెండు యుగాలూ నడిచాయి.

కాగితం రాకముందు ఇక్కడ రాతకు ఆధారం రాయి, ఆకు, గుడ్డ. కరీంనగర్ దగ్గరి గంగాధర మండలం కుర్క్యాలలో బొమ్మలగుట్ట ఉంది. ఆ బండ మీద 10వ శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన శాసనం ఇప్పటికీ కనిపిస్తుంది. ఈయన కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్న ఆ శాసనంలోని తెలుగు కందాలు మనకు దొరికిన కంద పద్యాల్లో అతి పాతవాటి లెక్కలోకి వస్తాయి. రాయి వెయ్యేళ్లు నిలిచింది. కానీ రాయి ఊరు దాటదు, చదవాలనుకున్నవాడే గుట్ట ఎక్కాలి. తాటాకు ఊరు దాటింది. గంటంతో గీసి, గీతల్లో మసి రుద్ది, చిల్లుకు తాడు గుచ్చి, పైనా కిందా చెక్క పలకలు కట్టి పురాణాలనూ శతకాలనూ తరాలు దాటించారు. ఊరి లెక్కలు కూడా ఆకుల కట్టల మీదే ఉండేవి. వాటినే కవిలెలు అన్నారు. గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గు మసి పూసి, ఆరబెట్టి, మడతలు పెట్టి, బలపంతో రాసే కడితం కూడా ఉండేది. తుడిచి మళ్లీ రాసుకోవచ్చు కాబట్టి వ్యాపారికి అది ఎంతో పనికొచ్చింది.

తాటాకు కాగితం కాదు. తాటాకులో పీచు ప్రకృతి పేర్చిన వరుసలోనే ఉంటుంది. మనం చేసేదల్లా కోసి, ఉడికించి, ఆరబెట్టడమే. ఈజిప్టు పాపిరస్ కూడా అంతే, కాండాన్ని చీలికలు చేసి అడ్డంగా నిలువుగా పేర్చి ఒత్తినది. కాగితానికి మొక్కను ముందు పూర్తిగా విడదీయాలి. పీచు పీచుగా విడగొట్టి, బోలెడు నీళ్లలో తేలనిచ్చి, ఆ నీటిని జల్లెడ మీద వడకడితే మిగిలే పొరే కాగితం. ఆలోచన చాలా చిన్నది. ప్రపంచానికి అది అందడానికి మాత్రం వందల ఏళ్లు పట్టింది.

చైనా హాన్ రాజుల కొలువులో ఉద్యోగి కాయ్ లున్ క్రీ.శ. 105లో ఈ పద్ధతిని చక్రవర్తికి నివేదించాడని చైనా చరిత్రకారులు రాశారు. అయితే గాన్సు ప్రాంతంలోని ఫాంగ్‌మాటాన్‌లో ఒక సమాధిలో దొరికిన కాగితపు ముక్క, దాని మీద గీసిన పటం, అంతకంటే 200 ఏళ్లకు పైగా పాతవి. కాబట్టి కాయ్ లున్ కనిపెట్టినవాడు అనడం కంటే పద్ధతిని చక్కదిద్ది రాజ్యమంతటా పాకించినవాడు అనడం న్యాయం. 8వ శతాబ్దంలో కాగితం సమర్‌కండ్‌కు, అక్కణ్నుంచి బాగ్దాద్‌కు చేరింది. భారతదేశంలో 15వ శతాబ్దంలో కశ్మీర్ సుల్తాను జైనులాబిదీన్ సమర్‌కండ్ పనివాళ్లను రప్పించి కాగితం చేయించాడు. దక్కన్‌లో దౌలతాబాద్ పక్కన కాగజీపురా అనే ఊరే వెలిసింది. ఢిల్లీ సుల్తాను తుగ్లక్ 1327లో రాజధానిని దౌలతాబాద్‌కు మార్చినప్పుడు వచ్చిన పనివాళ్ల సంతతి తమదని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. కాగితం చేసే కుటుంబాలకు కాగజీలు అని పేరు. ఆ ఊరు కూడా తర్వాత నిజాం రాజ్యంలో భాగమే. ఆ రాజ్యంలోనే తూర్పు దిక్కున చేతి కాగితానికి పేరు మోసిన ఊరు కోరుట్ల.

కోరుట్ల ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. నిజాం కాలపు తెలంగాణ చేతివృత్తుల సంగతి వచ్చినప్పుడు నిర్మల్ బొమ్మలు, కరీంనగర్ వెండి తీగపని, కోరుట్ల కాగితం అని వరుసగా చెప్పేవారు. మొదటి రెండూ బతికి ఉన్నాయి, మూడోది చరిత్ర పుస్తకాల్లోకి వెళ్లిపోయింది. పట్వారీల లెక్కల పుస్తకాలకు, వ్యాపారుల ఖాతాలకు గట్టి కాగితం కావాలి. ఏటేటా తిరగేసినా, చెమట చేతులు తగిలినా చిరగకూడదు. సిరా పాకకూడదు. ఈ పని తీర్చేది చేతి కాగితమే.

కాగజీల పద్ధతి ఉపఖండమంతా దాదాపు ఒకటే. ముడిసరుకు పారేసినదే: పాత గోనెసంచులు, తెగిన జనుము తాళ్లు, చినిగిన వలలు, నూలు చింకిగుడ్డలు. వాటిని చిన్న ముక్కలుగా నరికి సున్నపు నీళ్లలో రోజుల తరబడి నానబెట్టేవారు. తర్వాత కాలితో తొక్కే పెద్ద రోకలి కింద దంచడం, వాగులోనో చెరువులోనో గుడ్డలో వేసి జాడించడం, మళ్లీ సున్నం, మళ్లీ దంపుడు. ఇలా పలుమార్లు చేశాక వచ్చిన మెత్తటి గుజ్జును నేలలో దిగవేసిన నీళ్ల తొట్టిలో కలిపేవారు. పనివాడు తొట్టి అంచున గొంతుకూర్చుని, చెక్క చట్రం మీద సన్నటి గడ్డిపుల్లల తడిక పరిచి, నీళ్లలో ముంచి, అడ్డంగా పైకెత్తి, ముందుకూ వెనక్కూ పక్కలకూ ఊపేవాడు. నీరు కారిపోయి తడిక మీద పలుచటి పొర మిగిలేది. ఆ పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి, బరువు పెట్టి నీళ్లు పిండి, ఒక్కో పొరనూ విడదీసి సున్నం పూసిన గోడకు అంటించి ఆరబెట్టేవారు. ఆరాక గంజి పూత. అది కూడా ఆరాక నున్నటి రాయితో రుద్ది మెరుగు పెట్టడం.

ఈ వరుసలో ఒక్క మెట్టు కూడా వృథా కాదు. ప్రతిదాని వెనుకా రసాయన శాస్త్రం ఉంది. ఆ పనివాళ్లకు ఆ శాస్త్రం పేర్లు తెలియకపోవచ్చు, దాని ఫలితం మాత్రం వేళ్లకు తెలుసు.

మొక్క పీచులో ప్రధానమైనది సెల్యులోజ్. వేల గ్లూకోజ్ అణువులు వరుసగా అతుక్కున్న పొడవైన గొలుసు అది. గొలుసు పొడవునా ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు బయటికి పొడుచుకుని ఉంటాయి. నీటికి అవంటే ప్రాణం. తడి గుజ్జులో ప్రతి పీచు చుట్టూ నీరు పట్టుకుని ఉంటుంది. నీరు పోయేకొద్దీ పీచులు ఒకదానికొకటి దగ్గరవుతాయి. చివరి నీటి బొట్టు ఆవిరయ్యేసరికి, ఇంతకు ముందు నీటిని పట్టుకున్న ఆ జంటలు పక్క పీచులోని జంటలను పట్టుకుంటాయి. దీన్నే హైడ్రోజన్ బంధం అంటారు. ఒక్కొక్కటిగా చూస్తే బలహీనమైనదే, కోట్లకొద్దీ కలిస్తే కాగితం నిలబడుతుంది. కాగితాన్ని కూర్చి ఉంచేది ప్రధానంగా ఇదే, విడిగా జిగురు అక్కర్లేదు. వానలో తడిసిన పుస్తకం ఎందుకు విడిపోతుందో కూడా ఇందులోనే ఉంది. నీరు తిరిగి వచ్చి పీచుల మధ్య దూరుతుంది, అవి చేతులు వదిలేస్తాయి.

దంచడం ఎందుకంటే, దెబ్బలు తిన్న పీచు గోడ పొరలు పొరలుగా లేచి సన్నటి నూగులా విచ్చుకుంటుంది. పక్క పీచును తాకే చోటు పెరుగుతుంది, బంధాలు పెరుగుతాయి. ఇవాళ మిల్లుల్లో గీతలు చెక్కిన ఉక్కు చక్రాల మధ్య గుజ్జును రుద్దడం ఈ పనే. చట్రాన్ని అన్ని పక్కలకూ ఊపడం వల్ల పీచులు ఒక దిక్కుకే సర్దుకోవు, అందుకే మంచి చేతి కాగితం ఎటు చించినా దాదాపు ఒకలాగే ఎదురు తిరుగుతుంది. గంజి పూత పీచుల మధ్య సందులను మూసేసి సిరాను పైనే ఆపుతుంది. సున్నం పీచుకు అంటిన మడ్డిని, జిగురును కరిగిస్తుంది. కానీ సున్నానికి ఇంకో పని కూడా ఉంది. అది వందల ఏళ్ల తర్వాత గానీ బయటపడదు. ఆ మాట చివర్లో చెబుతాను.

కాగజీలు కానివాళ్లు కూడా ఈ శాస్త్రాన్ని ఇంట్లో నడిపారు. తెలంగాణ పల్లెల్లో పాత కాగితాలను నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బి, ఆ ముద్దను బోర్లించిన కుండ మీద పరిచి ఎండబెట్టి గిన్నెల్లాంటివి చేసుకునేవారు. వెదురు చాటల, తట్టల సందులకు అదే ముద్ద అలికేవారు. నూకలు, పిండి జారిపోకుండా. మెంతులే ఎందుకు? మెంతి గింజలో గెలాక్టోమన్నాన్ అనే జిగురు పిండిపదార్థం ఎక్కువ. దాని గొలుసు కూడా చక్కెరలదే కాబట్టి సెల్యులోజ్ పక్కన చక్కగా పరుచుకుని, రెండు పీచుల మధ్య మరిన్ని హైడ్రోజన్ బంధాలు వేస్తుంది. గోరుచిక్కుడు గింజల గమ్ కూడా ఇదే జాతి పదార్థం. ప్రపంచవ్యాప్తంగా కాగితపు మిల్లులు గుజ్జులో దాన్ని కలపడం 20వ శతాబ్దంలో పరిశ్రమ నేర్చుకున్న విద్య. మన అవ్వల రోళ్లలో అదే విద్య ఉంది. చాటకు అలికిన ఆ మెంతి ముద్దను ఎవరూ విజ్ఞాన చరిత్రలో చేర్చలేదు. చేర్చాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

చేతి కాగితాన్ని దెబ్బతీసింది ఒక ఫ్రెంచి యంత్రం, ఒక జర్మన్ ద్రావకం. ఫ్రాన్స్‌లో నికోలా లూయీ రాబేర్ 1799లో ఎడతెగని జల్లెడ పట్టీ మీద కాగితం తీసే యంత్రానికి పేటెంటు పొందాడు. ఒక్కో పొరా ముంచి ఎత్తే పని పోయి, కాగితం పొడవాటి చుట్టగా రావడం మొదలైంది. అప్పుడు గుడ్డలు చాలలేదు. కర్ర నుంచి కాగితం చేయవచ్చని సూచన అప్పటికే ఉంది. కందిరీగ చెక్కను నమిలి గూడు కట్టడం గమనించి ఫ్రెంచి శాస్త్రవేత్త రియోమ్యూర్ 1719లోనే ఆ మాట అన్నాడు. అడ్డు లిగ్నిన్. కర్రలో పీచులను ఒకదానికొకటి అంటించి ఉంచే గట్టి పదార్థం అది. కర్రను ఉత్తగా రుబ్బేస్తే లిగ్నిన్ లోపలే మిగిలి, ఎండ తగిలితే కాగితం పచ్చబడుతుంది. కిటికీ దగ్గర పెట్టిన దినపత్రికకు అయ్యేది అదే. 1879లో జర్మన్ రసాయనవేత్త కార్ల్ దాల్ కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిపిన ద్రావకంలో కర్రను ఉడికిస్తే లిగ్నిన్ కరిగిపోయి పీచు గట్టిగా మిగులుతుందని చూపించాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువ గుజ్జు వచ్చేది ఈ దారినే.

మన దేశంలో చలిదేశాల దేవదారు అడవులు హిమాలయాల పైనే ఉన్నాయి. మైదానంలో దొరికే పొడవు పీచు వెదురుది. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో విలియం రైట్ ఏళ్ల తరబడి వెదురును ఎలా ఉడికించాలో పరిశోధించి 1931లో పుస్తకం వేశాడు. దానికి ముందే 1925లో వెదురు కాగితపు పరిశ్రమకు రక్షణగా దిగుమతుల మీద సుంకం వేస్తూ చట్టం వచ్చింది. శాస్త్రం, చట్టం రెండూ సిద్ధమయ్యాయి. ఇక కావలసింది వెదురు అడవి, నీళ్లు, రైలు. కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలు మార్గం, పెద్దవాగు, చుట్టూ ఆదిలాబాద్ అడవులు. మూడూ ఒకచోట కలిసిన ఊరు సిర్పూరు దగ్గరి కొత్తపేట.

హైదరాబాద్ సంస్థానం 1929లో పారిశ్రామిక ట్రస్ట్ ఫండ్ ఏర్పాటు చేసి పరిశ్రమలకు పెట్టుబడి పెట్టింది. సిర్పూర్ పేపర్ మిల్స్ 1938లో పుట్టింది, 1942లో కాగితం తీయడం మొదలుపెట్టింది. రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది, దేశమంతా కాగితానికి కటకట. కొత్తపేట పేరు కాగజ్‌నగర్ అయింది. ఎక్కడెక్కడి భాషలవాళ్లో వచ్చి క్వార్టర్లలో కాపురం పెట్టారు. ఊరు మిల్లు సైరన్‌కు లేచేది, సైరన్‌కు తినేది.

వెదురు నుంచి కాగితం ఎలా వస్తుందో ఒకసారి లోపలికి పోయి చూద్దాం. లారీల్లో వచ్చిన బొంగులను యంత్రం చిన్న చిప్పులుగా నరుకుతుంది. కణుపుల దగ్గర గట్టిదనం ఎక్కువ, ద్రావకం లోపలికి ఎక్కదు, అందుకే నరకడానికి ముందు నలగ్గొట్టే పద్ధతి కూడా ఉంది. మూత బిగించిన పెద్ద ఉక్కు కుండల్లో దాదాపు 170 డిగ్రీల వేడిలో ద్రావకంతో ఉడికిస్తారు. వెదురులో నాలుగో వంతు దాకా ఉండే లిగ్నిన్ కరిగి నల్లటి ద్రవంగా విడిపోతుంది. టన్ను గుజ్జుకు రెండు టన్నులకు పైనే వెదురు కావాలి, మిగతాదంతా ఆ నల్ల ద్రవంలో ఉంటుంది. దాన్ని వాగులో వదిలితే నీళ్లు చచ్చిపోతాయి. ఆవిరి చేసి చిక్కబరచి బాయిలరులో మండిస్తే మిల్లుకు కావలసిన ఆవిరి, కరెంటు చాలావరకు అందులోనే వస్తాయి, కాస్టిక్ సోడా కూడా తిరిగి దొరుకుతుంది. వెదురుతో ఇక్కడో ప్రత్యేకమైన చిక్కుంది. గడ్డిజాతి కాబట్టి దాని ఒంట్లో ఇసుక గుణం, అంటే సిలికా, ఎక్కువ. అది ద్రావకంతో పాటు తిరిగి గొట్టాల్లో గట్టిగా పేరుకుంటుంది. మిల్లు ఇంజినీర్లు దీనితో దశాబ్దాలు కుస్తీ పట్టారు.

కడిగి తెల్లబరచిన గుజ్జును నూటికి ఒక పాలు పీచు, తొంభై తొమ్మిది పాళ్లు నీళ్లు అయ్యేంత పలుచన చేసి జల్లెడ మీదికి వదులుతారు. క్షణాల్లో నీరు కారుతుంది, రోలర్లు పిండుతాయి, ఆవిరితో వేడెక్కిన ఇనుప డ్రమ్ములు ఆరబెడతాయి. కోరుట్ల తొట్టి, బరువు, సున్నపు గోడ ఇక్కడ వరుసగా నిలబడి పరుగెత్తుతున్నాయి.

ఈ మిల్లు వచ్చిన అడవి ఖాళీ అడవి కాదు. గోండులు, కొలాములు, నాయకపోడులు తరతరాలుగా బతికిన చోటు. మిల్లు పునాదులు లేచి యంత్రాలు తిరిగేలోపు, 1940లో, జోడేఘాట్‌లో కుమ్రం భీం నిజాం పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు. ఆయన జల్, జంగల్, జమీన్ కోసం నిలబడ్డాడు. భీం యవ్వనంలో చాందా (చంద్రపూర్) వైపు వెళ్లి ఒక అచ్చు యంత్రం యజమాని దగ్గర పనిచేసి అక్షరాలు నేర్చుకున్నాడని చెబుతారు. ఆయన పోరాటం ఒక విధంగా కాగితం గురించే. అడవి గీతలు గీసిన పటం, పోడు కొట్టినందుకు వేసిన జరిమానా రసీదు, భూమి ఇంకొకరి పేర రాసిన పట్టా, అన్నీ కాయిదాలే. దున్నినవాళ్ల చేతిలో మాత్రం కాయిదం లేదు. పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఈ అడవులకు పంపింది. ఆయన గోండులకు పట్టాలు ఇప్పించాలని పట్టుబట్టాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, నాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. అదే ప్రాంతంలో అచ్చు కాగితం వాళ్ల భాష మాట్లాడింది.

అయితే గోండీకి ఇక్కడే సొంత అక్షరాలు కూడా ఉన్నాయి. నార్నూర్ మండలం గుంజాలలో పెద్దలు దాచుకున్న రాతప్రతులు 21వ శతాబ్దంలో వెలుగులోకి వచ్చాయి. పరిశోధకులు వాటిని సుమారు 1750 నాటివని అంచనా వేశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఆచార్య జయధీర్ తిరుమలరావు చొరవతో ఆ లిపికి అచ్చు అక్షరాలు, వాచకాలు వచ్చాయి. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఊళ్లో ఎవరో ఆ ప్రతులను పారేయకుండా పెట్టెలో ఉంచబట్టే అది జరిగింది.

వెదురు కోసం అడవికి వెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. మేదరులు. బుట్టలు, చాటలు, తడికలు, గుమ్ములు, ఊరికి కావలసిన వెదురు సామానంతా వాళ్ల చేతి మీదే వచ్చేది. మేదరికి కావలసింది పచ్చి, తిన్నటి, కణుపు దూరమున్న కంక బొంగు. మిల్లుకు టన్నులు చాలు. దేశంలో చాలాచోట్ల అటవీ శాఖలు మిల్లులకు దీర్ఘకాల ఒప్పందాల మీద వెదురును నామమాత్రపు ధరకు ఇచ్చాయి. పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ 1970ల్లో కర్ణాటకలో ఈ విషయాన్ని లోతుగా పరిశీలించి, బుట్టలల్లేవాడు బజారులో కొనే ధరకూ మిల్లు కట్టే ధరకూ ఎంత అగాధం ఉందో చూపించాడు. చౌకగా దొరికేదాన్ని పొదుపుగా వాడాలని ఎవరికీ అనిపించదని, అందువల్లే పొదలు చచ్చిపోయాయని ఆయన తేల్చాడు.

వెదురు నిజానికి అలా చచ్చిపోవలసిన మొక్క కాదు. వానాకాలంలో మొలిచిన బొంగు కొన్ని వారాల్లోనే తన పూర్తి ఎత్తుకు పోతుంది, మూడేళ్లకు ముదురుతుంది. పొదలో లేతవాటిని, వాటికి ఆసరాగా కొన్ని ముదురువాటిని వదిలి మిగతావి నరికితే పొద ఏళ్ల తరబడి ఇస్తూనే ఉంటుంది. అడవి కూపును గుత్తకు పట్టిన మనిషి తొందరలో అంతా నరికేస్తే, పశువులు కొత్త మొలకలు మేసేస్తే పొద ముడుచుకుపోతుంది. పైగా వెదురు కొన్ని దశాబ్దాలకు ఒకసారి గుంపుగా పూసి, గింజ రాల్చి, ఎండిపోతుంది. ఆ గింజ మొలిచి మళ్లీ నరకడానికి వచ్చేదాకా మిల్లు ఆగలేదు.

అందుకే మిల్లులు జామాయిల్‌కు, సుబాబుల్‌కు మళ్లాయి. ఉత్తర తెలంగాణ రైతుల చెలకల్లోకి జామాయిల్ వరసలు వచ్చింది ఇలాగే. పీచు లెక్కల్లో ఇది పెద్ద మార్పు. వెదురు పీచు పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు, జామాయిల్ పీచు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పొట్టి పీచు సందులు లేకుండా పరుచుకుని అచ్చుకు నున్నటి కాగితం ఇస్తుంది. చిరుగుకు మాత్రం పొడవు పీచులా ఎదురు నిలవలేదు.

కాగజ్‌నగర్ సెల్యులోజ్‌తో ఇంకో ప్రయోగం కూడా చేసింది. మిల్లు పక్కనే సర్‌సిల్క్ ఫ్యాక్టరీ ఉండేది. సెల్యులోజ్‌ను ఎసిటిక్ ఆమ్లపు రసాయనాలతో మార్చి, కరిగించి, సన్నటి రంధ్రాల గుండా దారంగా తీస్తే పట్టులా మెరిసే ఎసిటేట్ రేయాన్ వస్తుంది. కాగితంలో సెల్యులోజ్ పీచు పీచుగానే ఉంటుంది, రేయాన్‌లో అణువుల దాకా విడిపోయి మళ్లీ దారమవుతుంది. ఒకే అణువు మీద ఒకే ఊళ్లో రెండు పరిశ్రమలు బతికాయి. సర్‌సిల్క్ 1980ల నడుమ మూతపడింది. కాగితపు మిల్లు 1950ల్లో బిర్లా, పొద్దార్ కుటుంబాల చేతులు మారి, దశాబ్దాలు నడిచి, 2014 సెప్టెంబరులో ఆగిపోయింది. కార్మికుల ఇళ్లలో నాలుగేళ్లు జీతం లేదు. పిల్లల చదువులు ఆగాయి, అంగళ్లు ఖాళీ అయ్యాయి, పనివాళ్లు వేరే ఊళ్ల బాట పట్టారు. దివాలా ప్రక్రియలో 2018లో జేకే పేపర్ కొనుక్కుని మళ్లీ నడుపుతోంది.

వెదురు మీద హక్కు సంగతి కూడా ఈ మధ్యే మారింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా, అంటే గ్రామసభకు చెందినదిగా గుర్తించింది. ప్రాణహిత అవతల, గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గోండు ఊరు 2011లో తమ వెదురును తామే అమ్ముకునే రవాణా పత్రాల పుస్తకం సంపాదించింది. దేశంలో ఇదే మొదటిది. 2017లో అడవి బయట పెంచే వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు, రైతు నరికి అమ్ముకోవడానికి అనుమతుల గొడవ తగ్గింది. ఆదిలాబాద్ వైపు మేదరులకూ గోండులకూ ఈ చట్టాల ఫలం ఇంకా పూర్తిగా అందాలి. కాగితానికి పీచునిచ్చిన అడవిలో ఆ పీచు ధర నిర్ణయించే చోట వాళ్లు కూర్చోవడం న్యాయమని నేను నమ్ముతాను.

ఇక ముందు దాచిపెట్టిన సున్నం మాట. 1807లో జర్మనీలో మోరిట్జ్ ఇల్లిగ్ అక్కడ వాడే జంతువుల జిగురుకు బదులు పటిక, చెట్టు జిగురు కలిపి సిరా పాకకుండా చేసే పద్ధతి వెల్లడించాడు. యంత్రానికి ఇది ఎంతో అనువు. కానీ పటికలోంచి నెమ్మదిగా ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం సెల్యులోజ్ గొలుసులను ముక్కలు ముక్కలుగా తెంచుతుంది. అందుకే 19వ శతాబ్దం చివరి నుంచి గత శతాబ్దం చాలా భాగం అచ్చయిన పుస్తకాలు ఇవాళ మడిస్తే విరిగిపోతున్నాయి. ఇటీవలి దశాబ్దాల్లో మిల్లులు ఆమ్లం లేని పద్ధతికి మారి, కాల్షియం కార్బొనేట్ పొడి కలుపుతున్నాయి. కోరుట్ల, కాగజీపురా పనివాళ్లు నానబెట్టిన సున్నంలో కొంత పీచులోనే మిగిలి, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేట్ అయ్యేది. పుట్టే ఆమ్లాన్ని అది అక్కడికక్కడే చంపుతుంది. తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ప్రాచ్యపత్రాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్) షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ పత్రాలు మూడు వందల ఏళ్లు దాటి చదవడానికి వీలుగా మిగలడానికి గుడ్డ పీచు, గంజి, ఈ సున్నం ముఖ్య కారణాలు.

ఎన్టీఆర్ ప్రభుత్వం 1980ల్లో పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేశాక పాత లెక్కల పుస్తకాలు చాలా ఊళ్లలో ఆ కుటుంబాల దూలాల మీదా, అటకల మీదా ఉండిపోయాయి. 2020లో వచ్చిన ధరణి భూ రికార్డుల పోర్టల్, ఆ తర్వాతి భూభారతి భూమి రాతను కంప్యూటర్‌లోకి తీసుకుపోయాయి. పాత పుస్తకాలతో పని తీరిందని వాటిని తూకానికి అమ్మేస్తున్నారు. అమ్మకండి. కరీంనగర్, జగిత్యాల, ఆదిలాబాద్ వైపు ఇళ్లలో ఉన్న పాత లెక్కల పుస్తకాల్లో కోరుట్ల కాగితం ఉండే అవకాశం ఎక్కువ. గుర్తుపట్టడం కష్టం కాదు. ఒక రేకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తడిక గడ్డిపుల్లలు వదిలిన సన్నటి సమాంతర గీతలు కనిపిస్తాయి. మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉంటుంది. పైభాగం రాయితో రుద్దిన మెరుగుతో ఉంటుంది. అక్కడక్కడా గోనె పోగు, నూలు దారం ముక్క చిక్కుకుని ఉండవచ్చు. అలాంటిది కనిపిస్తే ప్లాస్టిక్ టేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు, ఎండలో పెట్టవద్దు. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, చెదలు పట్టని పొడి పెట్టెలో ఉంచండి. ప్రాచ్యపత్రాగారానికో, దగ్గరి విశ్వవిద్యాలయపు చరిత్ర శాఖకో కబురు చేయండి. అందులోని పన్ను లెక్కలు చరిత్రకారులకు పనికొస్తాయి. ఆ పీచును సూక్ష్మదర్శిని కింద పెడితే అది జనుమా, నూలా, ఏ పాళ్లలో కలిపారు, ఎంత సున్నం మిగిలింది అన్నవి తెలుస్తాయి. కోరుట్ల పనివాళ్లు తమ పద్ధతిని కాగితం మీద రాసి పెట్టలేదు, కాగితంలోనే వదిలి వెళ్లారు.